స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల్లో పర్యావరణ హామీలు: చదవడం ఎలా, నిలదీయడం ఎలా

రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరిన రోజున వార్తలన్నీ సుంకాల చుట్టూనే తిరుగుతాయి. చివర్లో ఎక్కడో "ఇందులో పర్యావరణ అధ్యాయం కూడా ఉంది" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ అధ్యాయం వల్ల ఒక అడవి నిలబడుతుందా, ఒక నదిలోకి విషం పోకుండా ఆగుతుందా అన్నది ఆ ముక్క చదివితే తెలియదు. తెలుసుకోవాలంటే ఒప్పందాన్ని మనమే తెరవాలి. లాయర్లకు తప్ప అర్థం కాదేమోనన్న భయం అక్కర్లేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే విలేకరి, విద్యార్థి, స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవారు, ఎవరైనా చదవగలరు.

చదివేటప్పుడు ఒక్క ప్రశ్నను మాత్రం వదలకండి: ఈ మాట తప్పితే ఎవరు, ఎవరిని, ఏ దారిలో, ఎన్ని రోజుల్లో అడగగలరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకని హామీ ఎంత గంభీరంగా రాసి ఉన్నా నేను దాన్ని హామీగా లెక్కలోకి తీసుకోను.

మొదటి అడుగు: కాగితాలన్నీ ఒకచోట చేర్చుకోండి

ఒప్పందమంటే ఒక్క పత్రం అనుకుంటే పొరపాటే. ప్రధాన పాఠం, సుంకాల షెడ్యూళ్లు, అనుబంధాలు, మంత్రులు ఇచ్చిపుచ్చుకున్న లేఖలు, పక్కన విడిగా సంతకం చేసిన పర్యావరణ ఒప్పందం, అన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. రెండు దేశాల వాణిజ్య శాఖల వెబ్‌సైట్లలోనూ, ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) నిర్వహించే ప్రాంతీయ వాణిజ్య ఒప్పందాల డేటాబేస్‌లోనూ వీటిని ఉచితంగా చూడొచ్చు. ప్రభుత్వం విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్‌ను మాత్రం చివరికి ఉంచుకోండి. ముందే చదివితే వాళ్లు చూపించాలనుకున్నదే కనిపిస్తుంది.

పర్యావరణ హామీలు ఎక్కడ పెట్టాలన్న విషయంలో దేశాలు ఒకే పద్ధతి పాటించలేదు. 1994 జనవరి 1న అమలులోకి వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి (నాఫ్టా) తోడుగా అమెరికా, కెనడా, మెక్సికో విడిగా ఒక పర్యావరణ సహకార ఒప్పందం చేసుకుని, మాంట్రియల్‌లో ఒక కమిషన్‌ను పెట్టాయి. 2000లో సంతకమైన అమెరికా–జోర్డాన్ ఒప్పందంతో, అమెరికా ఒప్పందాల్లో పర్యావరణ హామీలు తొలిసారి ప్రధాన పాఠంలోకే వచ్చాయి. న్యూజిలాండ్ 2008లో చైనాతో వాణిజ్య ఒప్పందం చేసుకున్నప్పుడు పక్కనే పర్యావరణ సహకార ఒప్పందం మీద సంతకం పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2011 నాటి కొరియా ఒప్పందం నుంచి "వాణిజ్యం, సుస్థిర అభివృద్ధి" పేరుతో ఒక అధ్యాయం పెడుతోంది.

పక్క ఒప్పందం బలహీనమైనది, ప్రధాన పాఠంలో ఉన్నది బలమైనది అని ముందే తీర్మానించుకోకండి. నాఫ్టా పక్క ఒప్పందం సాధారణ పౌరులు ఫిర్యాదు చేసే దారి తెరిచింది. పర్యావరణ చట్టాన్ని అదేపనిగా అమలు చేయని దేశానికి జరిమానా వేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ జరిమానా నిబంధనను ఆ ఒప్పందం నడిచినన్నాళ్లూ ఒక్కసారీ వాడలేదన్నది వేరే సంగతి. నిబంధన ఉండటం, దాన్ని వాడటం రెండూ వేర్వేరు, రెండింటినీ విడివిడిగా నోట్ చేసుకోండి.

వెతికేటప్పుడు "పర్యావరణం" అన్న మాట ఒక్కటే కొడితే సగం తప్పిపోతుంది. అడవులు, చేపలు, రసాయనాలు, వ్యర్థాలు, సబ్సిడీలు, ప్రజా సంక్షేమం అన్న మాటలు కూడా వెతకండి.

రెండో అడుగు: క్రియ దగ్గర ఆగండి

ఒక వాక్యంలో బరువంతా క్రియ మీదే ఉంటుంది. "అమలు చేయాలి" అంటే బాధ్యత. "కృషి చేయాలి" అంటే కృషి చేశామని చెబితే సరిపోతుంది. "ప్రాధాన్యాన్ని గుర్తిస్తున్నాయి", "పునరుద్ఘాటిస్తున్నాయి" అంటే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. అధ్యాయం ప్రింట్ తీసుకుని ఈ మూడు రకాలకూ మూడు రంగులు పూయండి. ఆకుపచ్చ శీర్షిక కింద ఎంత తక్కువ బాధ్యత ఉందో చూసి మొదటిసారి చేసేవాళ్లు ఆశ్చర్యపోతారు.

తర్వాత ఆ బాధ్యతకు తగిలించిన షరతులు చూడండి. చాలా ఒప్పందాల్లో కీలకమైన వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: "ఏ దేశమూ నిరంతరంగా లేదా పదేపదే, ఇరుదేశాల మధ్య వాణిజ్యం లేదా పెట్టుబడిపై ప్రభావం చూపే విధంగా, తన పర్యావరణ చట్టాలను అమలు చేయడంలో విఫలం కాకూడదు." చదవడానికి గట్టిగానే ఉంది. కానీ ఇందులో రుజువు చేయాల్సినవి మూడున్నాయి: చట్టం అమలు కాలేదని, అది ఒకటి రెండు సార్లు కాకుండా ఒక వరసగా జరిగిందని, దానివల్ల వాణిజ్యం మీద ప్రభావం పడిందని.

మూడోది ఎంత కష్టమో 2017లో తేలిపోయింది. మధ్య అమెరికా దేశాలతో చేసుకున్న ఒప్పందం కింద గ్వాటెమాలా మీద అమెరికా కార్మిక చట్టాల కేసు వేసింది. అధ్యాయం వేరైనా వాక్యం ఇదే. కొన్ని చోట్ల చట్టం అమలు కాలేదని కేసు విన్న నిపుణుల ప్యానెల్ ఒప్పుకుంది. కానీ అది వాణిజ్యంపై ప్రభావం చూపే రీతిలో, వరసగా జరిగినట్టు రుజువు కాలేదని అమెరికా వాదనను తోసిపుచ్చింది. ఏళ్ల తరబడి సాగిన కేసు ఒక షరతు దగ్గర ఆగిపోయింది.

ఆ పాఠం తర్వాతి ఒప్పందంలో కనిపిస్తుంది. నాఫ్టా స్థానంలో 2020 జులై 1న అమలులోకి వచ్చిన అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందంలో పర్యావరణానికి 24వ అధ్యాయం ఉంది. అందులో ఒక ఫుట్‌నోట్, చట్టం అమలులో వైఫల్యం ఉంటే అది వాణిజ్యంపై ప్రభావం చూపిందనే ప్యానెల్ భావించాలని, కాదని నిరూపించే భారం ఆరోపణ ఎదుర్కొంటున్న దేశానిదేనని చెబుతుంది. చూసేవాళ్లు తక్కువే గానీ, ఆ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైన మార్పు అదేనని నా అభిప్రాయం. అందుకే ఫుట్‌నోట్లు వదలకండి.

మూడో అడుగు: "పర్యావరణ చట్టం" అంటే ఏమని రాశారు?

నిర్వచనాల పేజీ విసుగ్గా ఉంటుంది, అయినా తప్పదు. ఏ చట్టాలు ఈ పరిధిలోకి వస్తాయో, ఏవి రావో అక్కడే తేలుతుంది. ఇప్పుడు చెప్పిన ఉత్తర అమెరికా ఒప్పందంలో అమెరికా వరకు కేంద్ర స్థాయి చట్టాలే లెక్క, రాష్ట్రాల చట్టాలు రావు. పాత నాఫ్టా పక్క ఒప్పందంలోనైతే, ప్రకృతి వనరులను వాణిజ్యపరంగా తీసుకోవడాన్ని నియంత్రించడమే ముఖ్య ఉద్దేశమైన చట్టాలను నిర్వచనం నుంచే తప్పించారు. అడవుల నరికివేత గురించి అడగబోయేవాళ్లకు తలుపు అక్కడే మూసుకుపోవచ్చు.

అంతర్జాతీయ ఒడంబడికలను పేర్లతో రాశారా లేదా అన్నదీ ఇక్కడే చూడండి. 2007 మే నెలలో అమెరికాలో రెండు పార్టీల మధ్య కుదిరిన అవగాహన తర్వాత ఆ దేశ ఒప్పందాల్లో ఏడు ఒడంబడికల జాబితా వచ్చింది. అంతరించిపోతున్న జీవుల వ్యాపారంపై సైటెస్, ఓజోన్ పొర కోసం మాంట్రియల్ ప్రొటోకాల్, చిత్తడి నేలలకు రామ్‌సర్ వంటివి అందులో ఉన్నాయి. పేరు రాసి, "అమలుకు చట్టాలు, చర్యలు కొనసాగించాలి" అని ఉంటే ఆ ఒడంబడికను ఉల్లంఘించడం వాణిజ్య ఒప్పంద ఉల్లంఘన కూడా కాగలదు. "తాము చేరిన ఒడంబడికలకు కట్టుబడి ఉన్నామని పునరుద్ఘాటిస్తున్నాయి" అని మాత్రమే ఉంటే అంత బలం ఉండదు.

నాలుగో అడుగు: వివాద పరిష్కారం దాకా వెళ్లే దారి ఉందా?

పర్యావరణ అధ్యాయంలో చివరి రెండు మూడు పేజీలను ముందు చదవమని నేను చెబుతుంటాను. అక్కడ సాధారణంగా మూడు రకాల ఏర్పాట్లలో ఏదో ఒకటి ఉంటుంది.

ఒకటి, సంప్రదింపులతోనే ఆగిపోయేది. మాట్లాడుకుంటారు, కమిటీ కూర్చుంటుంది, అంతే. భారత్ 2024 మార్చి 10న ఎఫ్టా దేశాలతో (స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్) సంతకం చేసిన ఒప్పందంలో సుస్థిర అభివృద్ధి అధ్యాయం ఉన్నా, దానికి వివాద పరిష్కార విధానం వర్తించదు. రెండోది, నిపుణుల ప్యానెల్ దాకా వెళ్లేది. యూరోపియన్ యూనియన్–కొరియా ఒప్పందంలో ప్యానెల్ నివేదిక ఇస్తుంది, దాన్ని పాటించడానికి గట్టిగా ప్రయత్నించాలి, కానీ సుంకాల రాయితీలు వెనక్కి తీసుకునే అధికారం ఎవరికీ లేదు. మూడోది, మిగతా వాణిజ్య వివాదాల్లాగే చివరికి ఆంక్షల దాకా వెళ్లగలిగేది. ఉత్తర అమెరికా ఒప్పందం ఈ కోవలోది. 2024 మే 1న అమలులోకి వచ్చిన యూరోపియన్ యూనియన్–న్యూజిలాండ్ ఒప్పందం, వాతావరణ మార్పుపై కుదిరిన పారిస్ ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘిస్తే చివరి మార్గంగా ఆంక్షలకు వీలిచ్చింది.

ఆంక్షల భయం ఒక్కటే పని చేయిస్తుందని నేను అనను. కానీ ఆ మెట్టు ఉందని తెలిసినప్పుడు కింది మెట్టు మీదే మాట వింటారు. పెరూ ఉదంతం చూడండి.

పెరూ అడవుల అనుబంధం, కాస్త దగ్గరగా

అమెరికా–పెరూ ఒప్పందం 2009 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. అందులో అటవీ పాలన మీద ప్రత్యేక అనుబంధం ఉంది. "అడవులను కాపాడాలి" అని రాసి ఊరుకోలేదు. అటవీ కాంట్రాక్టులను తనిఖీ చేసే ఓసిన్ఫోర్ అనే సంస్థ స్వతంత్రంగా ఉండాలని, ఎగుమతిదారులను ఆడిట్ చేయాలని, అమెరికా అనుమానం వ్యక్తం చేసిన కలప సరుకు చట్టబద్ధంగా నరికినదో కాదో పెరూ తేల్చి చెప్పాలని రాశారు.

2016లో అమెరికా ఒక సరుకు మీద ఆ నిబంధనను వాడింది. పెరూ అధికారులు పరిశీలించగా అందులో పెద్ద భాగం అక్రమ కలపని బయటపడింది. 2017 అక్టోబరులో ఆ ఎగుమతి సంస్థ కలపను అమెరికా తన రేవుల్లోకి రానివ్వలేదు. తర్వాత, 2018 చివర్లో పెరూ ప్రభుత్వం ఓసిన్ఫోర్‌ను పర్యావరణ మంత్రిత్వ శాఖ కిందికి మార్చింది. తనిఖీ చేసేవారి స్వతంత్రత పోతుందన్న ఆందోళన మొదలైంది. 2019 జనవరిలో అమెరికా ఆ ఒప్పందం పర్యావరణ అధ్యాయం కింద అధికారికంగా సంప్రదింపులు కోరింది. ఏప్రిల్‌లో పెరూ ఆ మార్పును రద్దు చేసుకుంది. ప్యానెల్ దాకా పోవాల్సిన పనే రాలేదు. సంస్థ పేరు, దాని స్వతంత్రత ఒప్పందంలో అక్షరాలా రాసి ఉండబట్టే అంత త్వరగా తేలింది.

ఇదే ఒప్పందానికి ఇంకో ముఖం ఉంది, అది చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఒప్పందం అమలు కోసమని పెరూ ప్రభుత్వం 2008లో వరసగా డిక్రీలు (చట్టంతో సమానమైన ఆదేశాలు) తెచ్చింది. వాటిలో కొన్ని ఆదివాసుల భూములను, అడవులను కంపెనీలకు తెరిచేలా ఉన్నాయని అమెజాన్ ప్రజలు తిరగబడ్డారు. 2009 జూన్ 5న బాగువా దగ్గర జరిగిన ఘర్షణల్లో పోలీసులు, పౌరులు కలిపి 33 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఆ డిక్రీల్లో రెండింటిని రద్దు చేశారు. కాబట్టి ఒప్పందం చదివేటప్పుడు, దాని పేరు చెప్పి స్వదేశంలో ఏ చట్టాలు మారుతున్నాయో కూడా పక్కనే పెట్టుకుని చూడండి. అడవిలో బతికేవాళ్లను అడగకుండా రాసిన అడవి హామీని నమ్మకండి.

ఐదో అడుగు: మిగతా అధ్యాయాలు తిరగేయండి

పర్యావరణ అధ్యాయం ఇచ్చినదాన్ని పెట్టుబడుల అధ్యాయం వెనక్కి లాక్కోవచ్చు. విదేశీ పెట్టుబడిదారు ప్రభుత్వం మీద నేరుగా అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో కేసు వేసే నిబంధన ఉందేమో ముందు చూడండి. కెనడా 1997లో పెట్రోల్‌లో కలిపే ఎంఎంటీ అనే రసాయనం దిగుమతిని అడ్డుకుంది. ఇథైల్ అనే అమెరికా కంపెనీ నాఫ్టా కింద కేసు వేసింది. మరుసటి ఏడాది కెనడా సుమారు 1.3 కోట్ల అమెరికన్ డాలర్లు చెల్లించి, నిషేధాన్ని ఎత్తేసింది.

"అలాంటివి జరగకుండా ఇప్పుడు పర్యావరణ మినహాయింపు రాస్తున్నారు కదా" అని ఎవరైనా అంటే కొలంబియా కేసు చెప్పండి. సాంతుర్బాన్ అనే ఎత్తైన ఆండీస్ చిత్తడి ప్రాంతంలో బంగారం గనులను కొలంబియా అడ్డుకుంది. దిగువన ఉన్న పట్టణాలకు నీళ్లు అక్కడి నుంచే వస్తాయి. కెనడా కంపెనీ ఎకో ఓరో, కెనడా–కొలంబియా ఒప్పందం కింద కేసు వేసింది. ఒప్పందంలో పర్యావరణ మినహాయింపు స్పష్టంగా ఉంది. అయినా ఆ మినహాయింపు ఉన్నంత మాత్రాన పరిహారం చెల్లించే బాధ్యత పోదని 2021లో ట్రిబ్యునల్‌లో మెజారిటీ తేల్చింది. 2024లో చివరికి నష్టపరిహారం ఏమీ ఇవ్వలేదు గానీ, ఆ వ్యాఖ్యానం అలాగే మిగిలింది. మినహాయింపు పెట్టుబడుల అధ్యాయానికి కూడా వర్తిస్తుందా, వర్తిస్తే పరిహారం నుంచి కూడా విముక్తి ఇస్తుందా అన్న రెండు ప్రశ్నలకూ పాఠంలోనే జవాబు ఉండాలి.

సరుకుల విషయంలో ఎక్కువ ఒప్పందాలు డబ్ల్యూటీవో మూల ఒప్పందమైన గాట్ 20వ అధికరణాన్ని అరువు తెచ్చుకుంటాయి. ప్రాణుల, మొక్కల రక్షణకు, తరిగిపోయే వనరుల సంరక్షణకు వాణిజ్యాన్ని కట్టడి చేయొచ్చని అది చెబుతుంది, దేశాల మధ్య అన్యాయమైన వివక్ష చూపనంతవరకు. సముద్ర తాబేళ్లకు హాని చేసే పద్ధతుల్లో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా ఆపితే వచ్చిన 1998 నాటి రొయ్యలు–తాబేళ్ల కేసులో ఆ దేశం ఓడింది ఈ వివక్ష దగ్గరే. తాబేళ్లను కాపాడాలనుకోవడాన్ని డబ్ల్యూటీవో తప్పుపట్టలేదు.

ఆరో అడుగు: సుంకానికీ హామీకీ ముడి ఉందా?

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. ఇండోనేషియాతో ఎఫ్టా దేశాల ఒప్పందం మీద 2021 మార్చిలో స్విట్జర్లాండ్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పామాయిల్ కోసం అడవులు నరుకుతున్నారన్నదే ప్రధాన అభ్యంతరం. 51.6 శాతం ఓట్లతో ఒప్పందం గట్టెక్కింది. గట్టెక్కడానికి ఒక షరతు తోడ్పడింది: సుస్థిరంగా పండించిన పామాయిల్‌కు మాత్రమే సుంకం తగ్గుతుంది. గుర్తింపు పొందిన ధ్రువీకరణ పత్రం చూపాలి. ముడి నూనె 22 టన్నులకు మించని కంటైనర్లలో రావాలి. ఓడ అడుగున పెద్ద ట్యాంకులో అన్ని తోటల నూనె కలిసిపోతే ఏది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు, చిన్న కంటైనర్‌లో వస్తే దాని జాడ పట్టుకోవచ్చు. కమిటీలు, ప్రకటనలు లేకుండానే కస్టమ్స్ కౌంటర్ దగ్గర హామీ అమలవుతుంది. ఏ ధ్రువీకరణ పథకాలను ఒప్పుకోవాలన్నది మాత్రం నిత్యం నిఘా పెట్టాల్సిన విషయం.

మీరు చదివే ఒప్పందంలో ఇలాంటి ముడి ఉందేమో సుంకాల షెడ్యూల్లోనూ, దాని కింది నోట్సులోనూ వెతకండి.

ఏడో అడుగు: పౌరుల దారి ఉంటే ఫిర్యాదు ఎలా రాయాలి?

ప్రభుత్వాలు ఒకదాన్నొకటి నిలదీయడానికి తరచూ వెనకాడతాయి, దౌత్యం దెబ్బతింటుందని. అందుకే పౌరులు నేరుగా వెళ్లే దారి ఉందా అన్నది ముఖ్యం. ఉత్తర అమెరికాలో మాంట్రియల్ కమిషన్ సచివాలయం ఆ ఫిర్యాదులు తీసుకుంటుంది. ఫిర్యాదు 15 పేజీలు దాటకూడదు, అనుబంధ పత్రాలు వేరు. అందులో ఇవి ఉండాలి:

- ఏ చట్టంలో ఏ సెక్షన్ అమలు కావడం లేదో. "నది పాడవుతోంది" అంటే చాలదు.
- దానికి సాక్ష్యం. వార్తా కథనాల మీదే ఆధారపడిన ఫిర్యాదు నిలబడదు. తనిఖీ నివేదికలు, పరీక్ష ఫలితాలు, అధికారుల ఉత్తరాలు కావాలి.
- ఈ విషయాన్ని ముందే సంబంధిత అధికారులకు రాశామన్న రుజువు, వాళ్లు జవాబిస్తే ఆ జవాబు.

ఈ మూడోది ముందుగా సిద్ధం చేసుకోవాలి. మొదటి రోజు నుంచీ ప్రతి ఉత్తరాన్ని రసీదుతో పంపి, కాపీ ఫైల్లో పెట్టుకోండి.

ఫిర్యాదు షరతులకు సరిపోతే సచివాలయం ప్రభుత్వాన్ని జవాబు అడుగుతుంది. ప్రభుత్వానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత మూడు దేశాల మండలిలో కనీసం ఇద్దరు ఒప్పుకుంటే "వాస్తవాల నివేదిక" తయారవుతుంది. ఆ నివేదిక తీర్పు ఇవ్వదు, శిక్ష వేయదు. కానీ అధికారిక ముద్రతో వాస్తవాలు ఒకచోట నమోదవుతాయి. వాటిని కోర్టులో, పార్లమెంటులో, పత్రికల్లో వాడుకోవచ్చు.

మెక్సికో సముద్రంలో వకీటా అనే చిన్న డాల్ఫిన్ లాంటి జీవి దాదాపు అంతరించింది, పదికి అటూ ఇటూ మిగిలాయి. టొటోబా చేప కోసం అక్రమంగా వేసే గిల్ వలల్లో చిక్కుకుని చనిపోతోంది. 2021లో సంస్థలు కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. 2022 ఫిబ్రవరిలో ఇదే విషయం మీద అమెరికా ప్రభుత్వం మెక్సికోతో అధికారిక సంప్రదింపులు కోరింది. అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందం పర్యావరణ అధ్యాయం కింద అలా కోరడం అదే మొదటిసారి. పౌరుల ఫిర్యాదు ఉంటే ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు అక్కర్లేదని కాదు, రెండూ పక్కపక్కనే నడవొచ్చు.

యూరోపియన్ యూనియన్‌లో 2020 నవంబరు నుంచి ఒకే చోట ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ఉంది, అయితే ఫిర్యాదుదారు అక్కడివారై ఉండాలి. బయటి దేశాల సంస్థలు అక్కడి సంస్థతో చేతులు కలిపి వెళ్లాలి. మీరు చదివే ఒప్పందంలో ఇలాంటి దారి లేకపోతే, అమలు కమిటీలో పౌర సమాజం మాట కోసం ఏ నిబంధన పెట్టారో చూడండి.

సంతకానికి ముందైతే

ఇంకా చర్చలు జరుగుతుంటే మీ పని తేలిక, ఎందుకంటే పాఠం మార్చొచ్చు. యూరోపియన్ యూనియన్ 1999 నుంచి తన ఒప్పందాలకు సుస్థిరతా ప్రభావ అంచనాలు చేయిస్తోంది, అభిప్రాయాలు కూడా ఆహ్వానిస్తుంది. మీ దేశం చేస్తోందో లేదో అడగండి, చేయకపోతే ఎందుకని అడగండి. ఏ రంగాల్లో ఎగుమతి పెరుగుతుందో సుంకాల ప్రతిపాదన చూస్తే తెలుస్తుంది. ఆ రంగాల వల్ల ఇప్పుడు నీరు, అడవి, గాలి ఏ స్థితిలో ఉన్నాయో లెక్కలు తీసి ఉంచండి. ఆ లెక్కలు లేకపోతే పదేళ్ల తర్వాత ఒప్పందం వల్ల ఏం మారిందో ఎవరూ చెప్పలేరు.

అభిప్రాయం పంపేటప్పుడు "బలమైన పర్యావరణ రక్షణ కావాలి" అని రాయకండి. మార్చాల్సిన వాక్యం రాసి, దాని కింద మీరు కోరే వాక్యం రాయండి. "కృషి చేయాలి" స్థానంలో "చేయాలి", వాణిజ్య ప్రభావాన్ని రుజువు చేసే భారం ఎదుటి పక్షంపై, తనిఖీ సంస్థ పేరు, దాని స్వతంత్రత, గడువు నెలల్లో. చర్చలు జరిపే అధికారి దాన్ని నేరుగా తన ముసాయిదాలో అతికించుకోగలిగేంత సిద్ధంగా ఉండాలి.

అమలులోకి వచ్చాక

క్యాలెండర్‌లో కొన్ని తేదీలు రాసుకోండి: పర్యావరణ కమిటీ మొదటి సమావేశం, సమీక్ష నిబంధన చెప్పిన ఏడాది, అనుబంధంలో ఉన్న గడువులు. చాలా ఒప్పందాల్లో కమిటీ సమావేశానికి ముందు గానీ, ఆ సమయంలో గానీ ప్రజలు పాల్గొనే వీలుంటుంది. నెల ముందే రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న పంపండి: ఫలానా అధికరణం, ఫలానా పేరా ప్రకారం మీరు ఈ తేదీలోగా చేయాల్సిన పని పూర్తయిందా, ఆధారం ఏమిటి? సమావేశం మినిట్స్ వచ్చాక ఆ ప్రశ్నకు జవాబుందో లేదో చూడండి, లేకపోతే అదే ప్రశ్నను పాత తేదీతో సహా తర్వాతి సమావేశానికి మళ్లీ పంపండి.